సున్నం పోయాక

భీమిలి దగ్గర గోస్తనీ మొగలో
ఆటు తీసిన వేళ
మోకాటి లోతు బురదలో దిగి
అప్పయమ్మ అత్త గుల్లలు ఏరేది.
కళ్లు ఎటో ఉండేవి,
చూసేది కాలి బొటనవేలు.
బట్టీలో ఒక వరస ఊక, ఒక వరస గుల్లలు,
రాత్రంతా మంట.
తెల్లారి నీళ్లు చిలకరిస్తే
బుస్సుమని విచ్చుకుని పిండయ్యేవి.
తమలపాకులకి కొంత, గోడలకి కొంత,
అత్త అరచేతుల్ని తినడానికి కొంత.

నేను యూనివర్సిటీలో, మూడో అంతస్తులో,
చలిగదిలో స్వెటర్ వేసుకుని
అదే బురదలో పుట్టిన గుల్లని
సున్నాన్ని ఓపిగ్గా లాగేసే ద్రవంలో ముంచి
ఆరు రోజులుగా కాపలా కాస్తున్నాను.

గుల్ల లోపలి అంచున కుచ్చిళ్లలాంటి మెత్తటి కండ ఉంటుంది.
పాఠ్యపుస్తకం ప్రావారం అంటుంది.
అత్త గుల్ల పావడా అనేది,
కత్తి పెట్టి ముందు దాన్నే కోసేది.
ఆ పావడా అంచులో
ఏ జన్యువు ఎప్పుడు మేలుకుంటుందో
రాసుకోవడం నా ఉద్యోగం.
తొట్టిలోని ముత్యపు చిప్పలకైతే కొన్ని పేర్లు తెలుసు.
నాక్రీన్ అనే ప్రోటీన్
జీవి విడిచిన ఊపిరిని పట్టి
సున్నానికి జత కుదురుస్తుంది.
ఆస్పీన్ తిరిగే చోట సున్నం స్తంభాలై నిలబడుతుంది.
పిఫ్ చేరిన చోట పలకలై పడుకుంటుంది,
పలక మీద పలక, మధ్యన సన్నటి పొర,
అక్కడే మెరుపు.
ఒకటే సముద్రం, ఒకటే సున్నం.
నిలబడమనీ పడుకోమనీ చెప్పేది
ఈ ఎముకల్లేని వాళ్లు.

పోయిన నెల
ఒక చిప్పలో పిఫ్ జన్యువు నోరు నొక్కాను.
సూదితో నాలుగు బొట్లు, అంతే.
చిప్ప చావలేదు.
రోజూ తెరుచుకుంది, నీళ్లు తాగింది,
అలవాటు తప్పకుండా సున్నమూ పోసింది.
ఎనిమిదో రోజు మైక్రోస్కోప్‌లో చూస్తే
లారీ దింపేసి పోయిన ఇటుకల కుప్ప.
ఆ రాత్రి హాస్టల్‌కి నడుస్తూ
లాసన్స్ బే దగ్గర పడవ దీపాలు చూసి
క్షమించమని అడగాలనిపించింది.
ఎవర్ని అడగాలో తెలీలేదు.

నిన్న కేజీహెచ్‌లో కళ్లు చూపించుకుని
అత్త నా లాబ్‌కొచ్చింది.
సీసా మూత తీసి వాసన చూసింది.
"ఏటే గుంటా, గుల్లని పులుసులో ఊరేసినావా?"

ఊరేశానత్తా.
సున్నమంతా కరిగాక అడుగున మిగిలింది చూడు,
ఉల్లిపొరకన్నా పల్చన,
ఊపిరి తగిలినా ఊగుతూ
ఇంకా గుల్ల ఆకారం వదలని నీడ.
వంద గ్రాముల్లో ఏ రెండు గ్రాములో.
ఇల్లు కట్టిన మేస్త్రీలు వీళ్లే.
నువ్వు బట్టీలో వీళ్లని తగలేసి
సున్నం ఉంచుకున్నావు.
నేను సున్నం వదిలించి వీళ్లని ఉంచుకున్నాను.

అత్త చాలాసేపు మాట్లాడలేదు.
బట్టీ మొదట రాజుకున్నప్పుడు
ఎంటికలు కాలినట్టు
ఒక కమురు వాసనొచ్చేదంది,
ఆనక పోయేదంది.
"అది ఈలేనేటే?"

వీళ్లే.
నలభై ఏళ్లుగా ఆమె ముక్కుకి తెలిసిన దానికి
నేను మూడేళ్లుగా పేర్లు వెతుకుతున్నాను.

ద్రవం సింకులో వంపబోతుంటే
నా మణికట్టు పట్టుకుంది.
గరుకు వేళ్లు, గోళ్ల మొదళ్లలో ఇంకా తెలుపు.
"మరి సున్నం ఏటైపోనాది?"
ఈ నీళ్లలోనే ఉందత్తా.
"పారబోసేత్తన్నావా?"
మూడేళ్లుగా.

కళ్లద్దాలు లేని కళ్లతో
సింకు వైపు చూసింది,
వేళ్ల మీద ఏదో లెక్కేసింది.
"ఎన్ని సంచులే, పిచ్చిగుంటా!"