కుడి భుజానికి

చిత్తూరు బజారు వీధిలో అంగడి పిల్లోడు
కొక్కేల మీంచి మూడు సంచులు దింపినాడు.

వీపుది బాగుంది గానీ
నీళ్ళ మధ్యన దారం చిక్కు పడితే
కత్తెర వీపున ఉండి ఏం లాభం?
రొమ్ముమీదిది తగిలించుకుంటే
నా కాళ్ళు నాకే కనపడలా.
అరణియార్ అడుగు రాళ్ళన్నీ పాచి.
నడుముది
పొట్ట కింద దూరి మాయమైపోయింది.
పిల్లోడు నవ్వాపుకున్నాడు పాపం.

ఏదీ ఎత్తుకోకుండా లేచి
జాఫర్ వలి మిషను కాడికి పోయినా.
"ఏమేం పెడతావు?"
దారం ఉండలు రెండు, కత్తెర,
సోపు డబ్బా నిండా
పుంజు మెడ ఈకలతో నేను చుట్టుకున్న ఈగలు,
సద్ది, బీడీలు తడవని చోటొకటి.
"ఎంత లోతుకు దిగతావు?"
మోకాలు దాటను, మోకాళ్ళే ఒప్పుకోవు.

టేపు భుజాన వేసి ఆగిపోయినాడు.
"ఎడమ పక్క రెండు వేళ్ళంత దిగిందే!
ఏం మోసినావన్నా?"

తిరుపతి బస్సు. ముప్పై ఒక్కేండ్లు.
తోలు సంచి, టికెట్ల పెట్టె,
పుత్తూరు కాడ దిగే వాళ్ళ తొందర.

వలి ఏమీ అనలా.
సుద్ద గీటు చెరిపి
వారు కుడి పక్కకు మార్చినాడు.
పాత లారీ టార్పాలిన్, పచ్చది.
అడుగున నీళ్ళు కారను మూడు బెజ్జాలు.

మిషను తొక్కతా తొక్కతా తలెత్తి
"ముందర చిల్లరకు చిన్న అర పెట్టనా?"

వద్దు వలీ.
చిల్లర మాత్రం వద్దు.