కిటికీ తీసిన గది

టేపు పెట్టి ఆరడుగులు కొలిచాను
నా కుర్చీ నుంచి అవతలి కుర్చీకి.
ఎర్ర గచ్చు మీద తెల్ల సుద్దగీత.
మేడమీది ఓనరమ్మ తొంగిచూసి
"తొక్కుడుబిళ్ళా డాక్టరమ్మా?" అంది.

ఏసీ కట్టేశాను.
రెండు కిటికీలూ బార్లా తీశాను.
పన్నెండేళ్లు ఈ పురసవాక్కం గదికి
నేను నేర్పిందల్లా మూసుకోవడమే:
తలుపు అంచుకి రబ్బరు పట్టీ, దుప్పటంత మందాన తెర,
వరండాలో గరగరలాడే ముసలి ఫ్యాను,
లోపలి మాట బయటికి పొక్కకుండా.
ఇప్పుడు గాలి ఆడాలట.
గాలి ఆడేచోట మాట నిలవదు.
దేన్ని కాపాడను,
ఊపిరినా, గుట్టునా?

కొందరు ఫోన్లోకి వెళ్లిపోయారు.
ఒకాయన సెల్లార్లో, కారు అద్దాలెక్కించుకుని,
స్టీరింగు పట్టుకునే మాట్లాడతాడు, ఎక్కడికీ పోకుండా.
ఒక పిల్ల డాబా మీద నీళ్లట్యాంకు చాటున.
మధ్యలో "ఆఁ, బట్టలు తీస్తున్నా పిన్నీ" అని కేకేస్తుంది
ఆ ఒక్క ముక్కకీ గొంతు మార్చి.
పిన్ని మెట్లు దిగేదాకా
నేనిక్కడ పెన్ను పైకెత్తి ఆగుతాను.
(ట్యాంకు కాదు. పిన్నీ కాదు. మార్చి రాశాను.)

ఈమెకి డాబా కూడా లేదు.
ఒకే గది, నలుగురు మనుషులు, కట్టేయని టీవీ.
అందుకే గురువారం పదకొండింటికి మెట్లెక్కి వస్తుంది.
థర్మామీటరు నుదుటి దగ్గర పెడితే
కళ్ళు మూసుకుంటుంది,
ఎవరో బొట్టు పెడుతున్నట్టు.

ఆమె పేరు రాయను. ఏం చెప్పిందో రాయను.
ఇంతవరకు రాయొచ్చు:
తడిసిన మాస్కు పనిచేయదు.
ఏడిస్తే మాస్కు తడుస్తుంది.
ఈ రెండు వాక్యాల మధ్య ఏం చేయాలో
నాకొచ్చిన ఏ సర్క్యులర్‌లోనూ లేదు.
గీత దాటకుండా చెయ్యి చాపి కొత్తది ఇస్తాను.
గోడవైపు తిరిగి కట్టుకుంటుంది.
నాలుగు నెలలైంది, ఆమె నోరెలా ఉంటుందో నాకు తెలీదు.

వీధంతా అరవం.
మేం తెలుగులో మాట్లాడుకున్నాం.
తలుపు మూయలేని రోజుల్లో
భాషే తలుపనుకున్నాం.

కిటికీ కింద బాదంచెట్టు, దాని నీడలో
చెంగల్రాయుడి ఇస్త్రీ బండి.
నాతో ఎప్పుడూ "వణక్కం డాక్టరమ్మా" దాటలేదు.
ఒక గురువారం చూస్తే బండి అక్కడ లేదు.
రోడ్డుకి అవతల, మే నెల ఎండలో,
చిరిగిన ఫ్లెక్సీ ఒకటి నెత్తిన కట్టుకుని ఉంది.
సాయంత్రం రెండు కోట్లు పట్టుకుని దిగాను.
ఏం, నీడ వదిలేశావు, అని అరవంలోనే అడిగాను.
కోటు మీద నీళ్లు చిలకరించి,
పెట్టె ఎత్తి, దించి,
తలెత్తకుండా అన్నాడు:
"ఈడ గాలి బాగా వస్తాదిమ్మా.
మాది సత్యవేడు పక్కన."

ఆకు కదలడం లేదు అక్కడ.

పై గురువారం ఆమెకు చెప్పాను.
చెప్పకుండా దాచడం నా చదువులో లేదు;
చెప్పడానికి నోరు మాత్రం రాలేదు కాసేపు.
ఆమె లేచి కిటికీ దాకా వెళ్లింది,
సుద్దగీత ఎప్పుడో అడుగుల కింద చెరిగిపోయింది.
చాలాసేపు కిందికి చూసింది.
"అంత ఎండలో ఎన్నాళ్లుంటాడు?" అంది.
"నీడలోకి రమ్మనండి."

చెప్పాను. "అట్నేమ్మా" అన్నాడు.

ఆ తర్వాతి వారం పదకొండింటికి
కిటికీలోంచి వంగి చూశాను.
బండి చెట్టుకిందే ఉంది.
సగం మడిచిన చొక్కా పక్కన
పెట్టె నిలువుగా ఆనించి ఉంది, బొగ్గుల మీద పల్చగా బూడిద.
వీధి చివర, మూసిన బడి మెట్ల మీద
మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని
అతను,
పన్నెండు ఎప్పుడవుతుందా అని.