సర్వానుమతే

నేను సంఘం సెక్రటరీని.
తగాదా తెలుగులో వింటాను, మరాఠీలో రాస్తాను.
సిరొంచ కచేరికి మా తిట్లు అక్కర్లేదు,
తారీఖు కావాలి, ఠరావు కావాలి,
చివర ‘సర్వానుమతే మంజూర్’ కావాలి.

ఎన్నికలై ఇరవై రోజులు.
ప్రాణహిత ఇసుకమేట మీద వలలు ఆరేసి
ఇంకా అదే పంచాయితీ.

“అరిగెల బక్కయ్యే ఉండాలె ప్రెసిడెంటు” అంటాడు లింగం.
“తెల్లారుగట్ల బస్సెక్కి గడ్చిరోలి పోయి
సాహేబు ముంగట కుర్చీ గుంజుకొని కూసుంటడు.
మనం పోతే గుమ్మం కాడ చెప్పులిడిచి
ఆ చెప్పులకాడనే నిలవడ్తం.”

“కూసుంటడు, కూసుంటడు!”
ఎల్లుబాయి పళ్ల నడుమ నైలాన్ దారం.
“కాయితం మీద ఇరవై రెండు వలలు.
ఈ చేతుల్తోని లెక్కవెట్టిన, పద్దెనిమిది.
ఆ నాలుగూ ఏ చేప మింగిందో అడుగు.”

“నాలుగు పోనీ, పద్దెనిమిది వచ్చినయా లేదా?
నీ గట్టయ్య ఉంటే సున్నకు సున్న.
సాహేబుతోని మరాఠీల మొదలువెట్టి
తెలుగుల తిట్టి
తలుపు ధడేల్న ఏసి రాలే అప్పుడు?”

నిజమే. నేనూ ఉన్నాను ఆ రోజు.
ఆ చప్పుడు నాకు భలే నచ్చింది.
మూడేళ్లు చెరువు లీజు రాలేదు.

తోకల గట్టయ్య మంచివాడని చెప్పలేను.
తాగితే సొంత తమ్ముణ్ణి గుర్తుపట్టడు.
చేబదులు తిరిగివ్వడం వాళ్ల ఇంటా వంటా లేదు.
నాకే పన్నెండు వందలివ్వాలి.
కానీ వరద రాత్రి
అవతలి ఒడ్డు దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే
బక్కయ్య సిగ్నల్ కోసం మిద్దెక్కాడు,
గట్టయ్య పడవ విప్పాడు.

“గంతే గదా, విప్పిండు” అంటుంది ఎల్లుబాయి.
“ఆ ఫోనుకే గదా తెల్లారి బియ్యం లారీ వచ్చింది” అంటాడు లింగం.
ఇద్దరూ నా వైపు చూస్తారు.
రాసేవాడికి తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం.

కచేరి నుంచి వచ్చినాయన కునుకు తీస్తుంటే
ఓట్లు నేనే లెక్కపెట్టాను.
కప్పు-బశ్శి నలభై ఒకటి.
నిచ్చెన నలభై.
చెల్లనిది ఒకటి.
ముద్ర సరిగ్గా గీత మీద పడింది,
సగం కప్పులో, సగం నిచ్చెన కింది మెట్టు మీద.
“ఎవడ్రా ఈ గుడ్డోడు” అని నవ్వారు.
నేనూ నవ్వాను.
బొటనవేలికి అంటిన ఊదా సిరా
మూడు రోజులు సబ్బుకు లొంగలేదు.

చెయ్యి వణికిందని ఎవరైనా అనుకుంటే, లేదు.
గుడ్డ తెర వెనక నిలబడి,
బయట జనం దగ్గుతుంటే,
కుర్చీ గుంజుకునేవాడు కావాలనుకున్నాను
తలుపు విసిరేవాడూ కావాలనుకున్నాను
ముద్ర ఎక్కువసేపు పట్టుకుంటే బరువెక్కుతుందని
అప్పుడే తెలిసింది.

నిన్న కొత్త కమిటీ మొదటి మీటింగు.
గట్టయ్య తడి లుంగీతో వచ్చి వెనక కూర్చున్నాడు.
చాయ్ వస్తే బశ్శిలో ఒంపుకొని
ఉఫ్ మని ఊది, జుర్రి,
“నీ గుర్తుల చాయ్ మంచిగనే ఉందిరా బక్కా” అన్నాడు.
అందరికంటే ముందు బక్కయ్యే నవ్వాడు.
బశ్శి నేల మీద బోర్లించి గట్టయ్య అడిగాడు,
“ఇగ ఆ నాలుగు వలల ముచ్చట చెప్పు.”

బక్కయ్య సమాధానం మొదలుపెట్టాడు.
మొదట తెలుగులో,
రెండో వాక్యానికి మరాఠీలోకి మారాడు.
లింగం ఇసుక గీకుతున్నాడు.

రిజిస్టరులో తారీఖు వేశాను.
హాజరు పదకొండు అని వేశాను.
సోమవారం కచేరిలో చూపించాలి.
గట్టయ్య లేస్తూ నా భుజం మీదుగా తొంగి చూశాడు.
అతనికి అక్షరం రాదు, ఏ భాషలోనూ.
“రాసినవా?”
“రాస్తున్న” అన్నాను.