రెండువందల ఎనిమిది

నోరులేని జీవం అంటాం.
లోపల నలభై రెండు పళ్ళు.
వల్పరైసోలో, కొండెక్కే రైలుపెట్టె కిర్రుమని ఆగే మలుపులో,
ఆ నోరు తెరిపించడానికి ఈ ఉదయం
ముగ్గురం కావలసి వచ్చాం.

పేరు తోర్నీయో, అంటే మరమేకు.
తోక అలా చుట్టుకుంటుందని.
వెంటబెట్టుకొచ్చినావిడ ఎదువిహిస్,
పెళ్ళిగౌన్లకి పూసలు కుడుతుంది.
"కందిరీగ కుట్టింది" అంది
వాడి ఎడమకంటి కింద వాపు చూపించి.
"పోయిన నెలా కుట్టింది.
అంతకుముందు ఆగస్టు వానల్లోనూ."
ఆ చలివానలో కందిరీగలెక్కడివని
డాక్టర్ ఇలబాకా అడగలేదు.
పైపెదవి ఎత్తి చూపించింది, అంతే.

ఇత్తడిరంగు గార.
గార వెనక, మాంసం చీల్చే పెద్దపన్ను
పెచ్చు లేచిన గోడలా.
పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేమని
ఎవరన్నారో గానీ
వీడికి రాళ్ళలో పట్టింపులున్నాయి:
నల్లగా ఉండాలి, సముద్రం తడి ఆరకూడదు,
కోడిగుడ్డు కంటే చిన్నదైతే ముట్టడు.

చార్టులో రాసుకున్నాను: రెండువందల ఎనిమిది.
పళ్ళకీ ఇంటి నంబర్లుంటాయి.

"తింటూనే ఉన్నాడు కదా!" అంది ఎదువిహిస్.
తింటాడు.
తల ఓరగా వంచి,
ప్రతి ముద్దా కుడివైపుకి నెట్టుకుని.
పంటిబిగువున ఓర్చుకోవడం అంటామే,
నొప్పే ఆ పన్నైతే
దేన్ని బిగించాలి?

మూడు వేర్ల పన్ను.
మూడు ముక్కలుగా కోసి తీశాం.
ఆ గంటన్నరా ఆమె బయట బెంచీమీద
ఎవరిదో గౌను అంచు మడుస్తూ,
దారం ముందుపంటితో తెంపుతూ.
ఆ పంటికి సూది దూరేంత గాటు,
నలభై ఏళ్ళ దారం కోసిన గాటు.
నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

"రోజూ తోమాలి.
మనుషుల పేస్టు వద్దు, వీళ్ళకి ఉమ్మడం రాదు."
"రోజూనా?"
"రోజూ."
"నాకెప్పుడూ ఎవరూ చెప్పలేదు" అంది,
కుక్క గురించే అనుకున్నాను.
ఫీజు కట్టిన నోట్లకి
ముత్యంతల గుండుసూది గుచ్చి ఉంది.

రెండు వారాలకి కుట్లు చూపించడానికొచ్చింది,
వేలికి తొడుగు కుట్టుకుని.
తెల్లటి శాటిన్, అంచుకి లేసు!
"శాటిన్ జారుతుందమ్మా, పాచి పోదు"
అంది డాక్టర్, నవ్వు ఆపుకుంటూ.
ఎదువిహిస్ మాట్లాడలేదు.
తొడుగు తిరగేసింది.
లోపల గరుకు తువాలుగుడ్డ.

చేప వాసన పేస్టుతో తోమి చూపించింది,
ముందు చిగురు, తర్వాత పన్ను,
ఖాళీచోట కాస్త నెమ్మదిగా.
అంచున ఒక దారప్పోగు వేలాడుతోంది.
నోటిదాకా తెచ్చి, ఆగి,
"కత్తెరుందా?" అంది.

కుట్లు విప్పే కత్తెర అందించాను.
ఇంతలో తోర్నీయో
గుమ్మం దగ్గర ఎక్కణ్ణించో
నల్లటి రాయొకటి సంపాదించాడు.
కుడివైపు.