పదిహేడు, ముప్ఫై ఒకటి

అమలాపురం గడియార స్తంభం వెనక సందులో
నా డీటీపీ కొట్టు.
శుభలేఖలకి వందకింతని,
థీసిస్‌లకి పేజీకింతని,
రిఫరెన్సులకి మాత్రం ఒక్కోటి మూడు రూపాయలు.
సైన్సు నాకు రాదు.
కామా ఎక్కడ ఆగాలో, చుక్క ఎక్కడ పడాలో
అది వచ్చు.

ఓలేటి నూకరత్నం పెన్‌డ్రైవు పట్టుకొచ్చింది.
కొబ్బరితోటల అడుగున ఉప్పునీరు
ఏటికి ఎన్నడుగులు లోపలికి నడిచొస్తోందో
ఆరేళ్లు బావుల్లో సీసాలు ముంచి రాసిన వ్యాసం.
పత్రికవాళ్ల నిబంధనలు పదకొండు పేజీలు,
వ్యాసం తొమ్మిదే.

ఇంటిపేరు ముందు, పొడి అక్షరాలు వెనక.
మనకది కొత్తేం కాదు,
ఇంటిపేరు అడక్కుండా మనల్ని
ఎవరు గుమ్మంలోకి రానిచ్చారు గనక!
ఆరుగురు దాటితే మిగతా అందరూ "తదితరులు".
పత్రిక పేరు వాలి ఉండాలి,
తుఫాను మర్నాటి చేనులా కాదు,
పాలు పోసుకున్న వెన్ను వంగినంత.
పేజీ అంకెల నడుమ గీత మామూలు గీత కాదు,
వెంట్రుకవాసి పొడుగుది.
ఆ వెంట్రుకవాసి కోసం
దోమల మధ్య ఒంటిగంట దాకా నా కళ్లు.

నాలుగు తర్వాత ఇంకోటి దూర్చమంది.
లాకు తలుపు ఎత్తినట్టే.
ఐదు ఆరైంది, ఆరు ఏడైంది,
వెనక ఆగిన పడవలన్నీ వరసగా పైకి లేచాయి.
వ్యాసం పొడుగునా వాటి తాళ్లన్నీ
విప్పి మళ్లీ కట్టుకోవాలి.

రెండో రాత్రి, కరెంటు పోయి వచ్చాక, చూశాను.
పదిహేడు: గుబ్బల ఎస్., 1986.
ముప్ఫై ఒకటి: పెచ్చెట్టి ఎస్., 1993.
పేజీలు సరిచూద్దామని అసలు కాగితాలు తెరిస్తే
రెండింట్లోనూ చిర్రయానాం,
రెండింట్లోనూ పద్నాలుగు బావులు,
రెండింటి అడుగునా ఒకటే వాక్యం:
"తొమ్మిదో బావి గట్టు కుంగినందున కొలత తీయలేదు."
ఏడేళ్లలో గట్టు బాగుపడలేదు,
వాక్యం మారలేదు,
ఇంటిపేరు మారింది.
శుభలేఖలు కొట్టేవాణ్ణి,
నాకు తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది?

ఫోన్ చేస్తే నూకరత్నం చాలాసేపు మాట్లాడలేదు.
"ఒకరి లెక్కని ఒకరు బలపరిచారని రాశానండీ.
ఇద్దరు సాక్షులున్నారనుకున్నాను" అంది.
ఒక సాక్షి తగ్గింది.
నిజమే, వ్యాసం బరువు కొంత తగ్గింది.
కానీ పుస్తెలతాడు పడ్డాక,
ఊరు మారాక, ఉద్యోగం మారాక,
ఏడేళ్ల తర్వాత ఒక మనిషి వెనక్కొచ్చి
అవే పదమూడు బావుల్లోకి తొంగిచూసిందన్నది
ఏ కాలమ్‌లో వేస్తారు?

ఎవర్నెవర్నో పట్టుకుని నంబరు సంపాదించింది.
ముమ్మిడివరంలో రిటైరై ఉన్నారట సరోజిని గారు.
అవునమ్మా, రెండూ నావే అన్నారట.
ఆ తర్వాత ఆవిడే అడిగారట,
"తొమ్మిదో బావి ఇంకా అలాగే ఉందా?"

పట్టికలో మాత్రం ఇద్దరే.
పేరు ముద్రించినట్టే ఇవ్వాలి, నిబంధన ఏడు.
లోపల "ఇద్దరు వేర్వేరు పరిశోధకులు" కొట్టేయించి
"అదే పరిశోధకురాలు, ఏడేళ్ల తర్వాత" అని పెట్టించింది.
ఆ పక్కన పదిహేడు, ముప్ఫై ఒకటి.
నడుమ కామా నేనే పెట్టాను, జాగ్రత్తగా.
గీత పెడితే
పద్దెనిమిది నుంచి ముప్ఫై దాకా
ఊళ్లో జనమంతా వచ్చి మధ్యలో కూర్చుంటారు.

నలభై రెండు రిఫరెన్సులు, నూట ఇరవై ఆరు.
నూట ఇరవై మూడే తీసుకున్నాను.
ఎందుకని నూకరత్నం అడగలేదు.
సంచిలో ఖాళీ సీసాలు గలగలమన్నాయి.
వ్యాసం పంపేసినా
పొద్దున్నే మొదటి బస్సుకి చిర్రయానాం వెళ్లాలట,
గట్టు చూసి రావాలట.