రాతిలో తప్పు

నన్ను హాల్వర్ అంటారు. రాళ్ళు చెక్కుతాను.
నార్వే నుంచి ఐయోవాకి ఉలి తెచ్చుకున్నాను,
చదువు తెచ్చుకోలేదు.
నలభై ఒకటో ఏట నాచేత ఓనమాలు దిద్దించింది
థర్జా పెన్‌హాలో,
రొట్టెల బల్ల మీద గోధుమపిండి పరిచి.
తప్పు రాస్తే అరచేత్తో చెరిపేసేది.
ఆ పిండితోనే సాయంత్రం రొట్టె కాల్చేది.
నా తప్పులన్నీ ఊరు తినేసింది.

కాలేజీ అంటే అప్పుడు
పందిమాంసం ఊరవేసే పాత కొట్టు.
వాన పడితే గోడలు ఉప్పు చెమర్చేవి.
పదకొండు మంది ఆడపిల్లలు, నాలుగు పలకలు,
ఫీజు కింద బంగాళాదుంపలు, ఒకసారి ఒక బాతు.
దాన్ని కొయ్యనివ్వలేదు ఆవిడ,
రేఖాగణితం పాఠానికి అడ్డం పడి తిరిగేది.
మునిగిన పడవ గంటను బేరమాడి తెచ్చింది,
మంచులో, బండి మీద, పదిహేడు మైళ్ళు.
దారిలో గంట నాలుక ఎక్కడో జారిపోయింది.
మొదటి ఏడాదంతా నా సుత్తితోనే మోగించాం.

ఇరవై రెండేళ్ళకి ఇటుకల భవనం లేచింది.
ధర్మకర్తలు నా చేతిలో కాగితం పెట్టారు: ఐదు పేర్లు.
కలప ఇచ్చినాయన, స్థలం ఇచ్చినాయన,
ఇస్తానని ఇవ్వనాయన,
ఇంకో ఇద్దరు ఎందుకో నాకు తెలీదు.
మూడుసార్లు చదివాను.
చదువు రాకుంటే బావుండుననిపించింది
ఆ ఒక్కరోజే.
ఏడు డాలర్లు. ఇంట్లో పసిదానికి దగ్గు.
చెక్కాను.
ఆవిడ పిండిలో నేర్పిన అక్షరాలతోనే
ఆవిడ లేని వరుసలు చెక్కాను.

మర్నాడు వచ్చింది, బూట్ల నిండా సున్నం.
కళ్ళద్దాలు పైకి తోసుకుని
వేలితో తడుముతూ చదివింది.
నేను ఉలి వంక చూస్తూ నిలబడ్డాను.
"హాల్వర్, రెండో వరుసలో ఒక అక్షరం ఎగిరిపోయింది."
అంతే అంది.
"రాతిలో దిద్దడం కుదరదమ్మా."
"అవును, ఇది పిండి కాదుగా."

ఆపైన ఏటా కొత్త పిల్లల్ని
ఆ గోడ దగ్గరికి తీసుకొచ్చేది.
"ఇందులో తప్పేమిటో పట్టుకోండి" అనేది.
ఎగిరిపోయిన అక్షరాన్ని చాలామందే పట్టుకునేవారు.
ఎప్పుడో ఒక పిల్ల మాత్రం
రాయిని చూసి, ఆవిణ్ణి చూసి, మళ్ళీ రాయిని చూసి
ఏమీ అనకుండా ఊరుకునేది.
ఆ పిల్లకి ఆవిడ ఎన్ని మార్కులు వేసేదో.
నేను ఆ పక్కనే మెట్లు సరిచేస్తూ
తల ఎత్తేవాణ్ణి కాదు.