చుక్క కాడ

పదో తరగతి బి సెక్షన్. ఫిబ్రవరి నెల.
ముప్పై ఎనిమిది పేర్లు పిలిస్తే
పందొమ్మిది "ప్రజెంట్ సార్"లు.
మిగిలినోళ్లు మిరపతోటల్ల ఉన్నరు.
ఏరుడు కూలి పెరిగిన వారం
హాజరుపట్టీ సగమైతదని
ఏ పాఠంల లేదు, నేనే నేర్చుకున్న.

పెచ్చులూడిన బోర్డు మీద
రెండు గీతలు గీసిన.
ఇది కొనేటోళ్లది, కిందికి జారుతది.
ఇది అమ్మేటోళ్లది, మీదికి పాకుతది.
రెండూ కలిసిన చుక్కే ధర.
"అర్థమైందా?" అన్న.

జాటోతు నందిని లేచింది.
ఆదివారమంతా కాయ ఏరి
రాత్రి మజ్జిగ గిన్నెల చేతులు ముంచుకున్న పిల్ల.
"సార్, గా చుక్క కాడ ఎవరుంటరు?"

మార్కెట్ ఉంటదన్న.

"కాదు సార్, మా నాయిన ఉన్నడు.
ఎనుమాముల గేటు బయట రెండు రాత్రులు
బస్తాల మీదనే పండుకున్నడు.
పొద్దుగాల జెండా పాట అయిందట..."
ఆగస్టు పదిహేను యాదికొచ్చి
వెనక బెంచీల ప్రణీత్ కిసుక్కుమన్నడు.
"ఆ రేటు ఒక్క కుప్పకే సార్.
మాదాంట్ల తేమ ఉన్నదన్నరు, తాలు ఉన్నదన్నరు,
కాంటా అయినంక తరుగు తీసిండ్రు."

నా గీతలు బోర్డు మీద పొడిగ ఉన్నయి.
తేమ లేదు, తాలు లేదు,
డీసీఎం కిరాయి లేదు.
అటెండర్ కొమురెల్లి గంట కొట్టిండు.
వాడు అంత టయానికి ఎన్నడూ కొట్టలే.

ప్రీ ఫైనల్ పేపర్ల
రెండు మార్కుల ప్రశ్న: ధర అనగానేమి?
నందిని రాసింది:
"ధర అనగా మా నాయిన ఇంటికొచ్చి చెప్పనిది."
కింద స్కేలు పెట్టి గీత కొట్టింది,
పద్యానికి కొట్టినట్టు.

కీ పేపరు వేరే చెప్తున్నది.
ఎర్ర పెన్ను పట్టుకొని శానసేపు కూసున్న.
ఒకటో తారీఖు. ఫోన్ టింగుమన్నది,
జీతం పడ్డది.
ఇరవై రెండేండ్ల సర్వీసుల
నా జీతంల తేమ చూసినోడు లేడు.
అవతల టేబుల్ కాడ సార్లు
డీఏ బకాయిల లెక్కల మీద లొల్లి పెట్టుకుంటున్నరు.
నేను సుత పోయేటోన్నే, రోజైతే.

ఒకటిన్నర వేసిన.
ఆ తగ్గిన అర మార్కు
తరుగు లెక్కనే కనబడ్డది.
కొట్టేసి రెండు వేసిన.

పేపరు మడుస్తుంటే ఏం ఘాటు తగిలిందో
ఒక్క తుమ్ము తుమ్మిన.
పక్క కుర్చీల తెలుగు మేడం
తలెత్తకుండనే, నూరేండ్లు అన్నది.